మన తర్వాత వీరిని చూసేదెవరు?

బుద్ధిమాంద్యంతో పుట్టిన పిల్లల్లో చాలామంది ఒకప్పుడు నడివయసు చూడకుండానే పోయేవారు. గుండెలో లోపం ఉంటే ఆపరేషన్ చేసే వీలుండేది కాదు. న్యుమోనియా వస్తే సరైన మందు సమయానికి అందేది కాదు. ఇప్పుడు కాలం మారింది. అమెరికా లెక్కల ప్రకారం డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుష్షు 1983లో 25 ఏళ్లు మాత్రమే. నేడు అది దాదాపు 60 ఏళ్లకు చేరింది. మన ఆసుపత్రులకు కూడా నలభై, యాభై ఏళ్ల కొడుకునో కూతురినో చెయ్యి పట్టుకొని డెబ్బై ఏళ్ల తల్లులు వస్తున్నారు. ఇది సంతోషించవలసిన విషయం.

అయితే ఆ తల్లి తన బి.పి. చూపించుకొని, మాత్రలు తీసుకొని, లేచి వెళ్లేముందు ఒక మాట తప్పకుండా అడుగుతుంది. "సిస్టర్, నేను పోయాక వీడిని ఎవరు చూస్తారు?" దీనికి "అన్నీ దేవుడే చూసుకుంటాడులే అమ్మా" అని చెప్పి పంపేయడం తేలిక. కానీ మనం చేయగల పనులు కొన్ని ఉన్నాయి. అవి మనం బతికి ఉండగా, ఒంట్లో ఓపిక ఉండగా చేయవలసినవి. ఆ పనులేమిటో ఈ వ్యాసంలో ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

ఎవరి గురించి చెప్పుకుంటున్నాం?

బుద్ధిమాంద్యం, డౌన్ సిండ్రోమ్, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటివి పుట్టుకతోనో, చిన్నతనంలోనో మొదలై జీవితాంతం ఉండే పరిస్థితులు. ఇవి పిచ్చి కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం కూడా బుద్ధిమాంద్యాన్ని మానసిక రోగంగా లెక్కించలేదు. ఇవి అంటుకోవు, శాపం వల్ల రావు, పెళ్లి చేస్తే నయం కావు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో బుద్ధిమాంద్యం ఉన్నవారు సుమారు 15 లక్షల మంది.

వీరికి నేర్చుకోవడం నిదానం కావచ్చు. కానీ వయసు మాత్రం అందరితో సమానంగా, కొన్ని విషయాల్లో అందరికంటే ముందుగా పైబడుతుంది. ఇంట్లో "మా బాబు", "మా పాప" అని పిలుచుకుంటూ ఉంటాం కాబట్టి ఆ బాబుకు నలభై అయిదు నిండాయన్న సంగతి మరచిపోతాం. షుగర్, బి.పి., కంటి శుక్లాలు వీరికీ వస్తాయి.

వయసుతో వచ్చే మార్పులు

డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి: థైరాయిడ్ తగ్గిపోవడం వీరిలో ఎక్కువ. మనిషి మందకొడిగా అయిపోవడం, బరువు పెరగడం, మలబద్ధకం, చలికి ఓర్చుకోలేకపోవడం దీని గుర్తులు. ఏడాదికి ఒకసారి రక్తపరీక్ష చేయించాలి. శుక్లాలు, చెవుడు త్వరగా రావచ్చు. నిద్రలో గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయితే డాక్టరుకు చెప్పాలి. స్త్రీలకు ముట్లు ఆగిపోవడం కూడా ఇతరులకంటే కొన్నేళ్లు ముందుగా జరుగుతుంది.

మరో ముఖ్యమైన సంగతి మతిమరుపు జబ్బు, అంటే అల్జీమర్స్. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి కణాల్లో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటాయి. మెదడులో పేరుకుపోయి అల్జీమర్స్‌కు దారితీసే పదార్థానికి సంబంధించిన జన్యువు ఈ క్రోమోజోము మీదే ఉంది. అందువల్ల నలభై ఏళ్లు వచ్చేసరికి వీరిలో దాదాపు అందరి మెదడులోనూ ఆ మార్పులు మొదలై ఉంటాయి. లక్షణాలు ఎక్కువగా యాభై దాటిన తొలి సంవత్సరాల్లో బయటపడతాయి. అప్పటిదాకా తనంతట తాను స్నానం చేసే మనిషి మెట్టు దగ్గర ఆగిపోవడం, తెలిసిన దారి తప్పడం, కొత్తగా ఫిట్స్ రావడం కనిపించవచ్చు. "మొండితనం పెరిగింది" అని కోప్పడకుండా ఆసుపత్రికి తీసుకురండి.

సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి: బిగుసుకున్న కండరాలతో ఏళ్ల తరబడి శ్రమపడడం వల్ల నలభై దాటకుండానే కీళ్ల నొప్పులు, అలసట వస్తాయి. నడిచే మనిషి నడక తగ్గించేస్తాడు. మింగడం కష్టమై, అన్నం తినేటప్పుడు పొలమారడం ఎక్కువవుతుంది. ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. కూర్చోబెట్టి, చిన్న ముద్దలుగా, తొందర పెట్టకుండా తినిపించాలి. తిన్న వెంటనే పడుకోబెట్టరాదు.

ఫిట్స్ మాత్రలు ఏళ్ల తరబడి వాడేవారికి: కొన్ని రకాల మాత్రల వల్ల విటమిన్ డి తగ్గి ఎముకలు పలచబడతాయి. ఫెనిటాయిన్ వాడేవారికి చిగుళ్లు పెరుగుతాయి. అంతమాత్రాన మాత్రలు సొంతంగా ఆపకూడదు. ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరును అడిగి ఎముకలకు, పళ్లకు తగిన జాగ్రత్తలు తీసుకోండి.

నొప్పిని నోటితో చెప్పలేరు

వీరిలో చాలామంది "నాకు ఇక్కడ నొప్పిగా ఉంది" అని చెప్పలేరు. నొప్పి ఉంటే కొడతారు, తల బాదుకుంటారు, అన్నం మానేస్తారు, రాత్రంతా తిరుగుతారు. అప్పుడు ఇంట్లోవాళ్లు నిద్రమాత్రల కోసం వస్తారు. ప్రవర్తన ఉన్నట్టుండి మారిందంటే ముందుగా చూడవలసినవి ఇవి: పంటి నొప్పి, చెవిలో గుబిలి లేదా చీము, మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, కడుపులో మంట, థైరాయిడ్, చూపు తగ్గడం, ఎవరైనా కొట్టడం లేదా లైంగికంగా వేధించడం. దగ్గరివారు దూరమైన దిగులు కూడా కారణం కావచ్చు. ఇవన్నీ చూశాకే మనసుకు సంబంధించిన మందుల మాట ఎత్తాలి.

ఈ చిన్న గుర్తులన్నీ తల్లికి తెలుసు. బొటనవేలు కొరికితే పంటి నొప్పి అనీ, గోడకేసి తిరిగి కూర్చుంటే కడుపులో బాగా లేదనీ ఆమె ఇట్టే చెబుతుంది. ఆ తెలివి ఆమె తలలో తప్ప మరెక్కడా రాసి ఉండదు. అసలు చిక్కంతా అక్కడే.

ముందుగా ఏర్పాటు లేకపోతే ఏమవుతుంది?

వార్డులో మేము చూసే ఒక పరిస్థితి చెబుతాను. డెబ్బై రెండేళ్ల తల్లి బాత్‌రూములో జారి తుంటి ఎముక విరిగి చేరుతుంది. భర్త లేడు. నలభై నాలుగేళ్ల కొడుకుకు డౌన్ సిండ్రోమ్. ఇంట్లో ఒంటరిగా వదలలేక పక్కింటివారు అతన్ని ఆమెతోపాటే తీసుకొచ్చి వార్డులో కూర్చోబెట్టి వెళ్లిపోతారు. రాత్రికి అతనికి ఫిట్స్ వస్తుంది. ఏ మాత్ర వాడుతున్నాడో, ఎంత మోతాదో ఎవరికీ తెలియదు. తల్లి మత్తులో ఉంది. కూతురు బెంగుళూరు నుంచి రావడానికి ఒక రోజు పడుతుంది. వచ్చాక ఆమె కూడా "అన్నీ అమ్మకే తెలుసు సిస్టర్" అంటుంది.

ఆ కూతురికి అన్న మీద ప్రేమ లేక కాదు. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. మరో రెండు వారాల్లో తల్లి డిశ్చార్జి అవుతుంది కానీ ఆరు నెలలదాకా సరిగా నడవలేదు. అంతవరకు ఆ కొడుక్కి స్నానం, తిండి, మాత్రలు ఎవరు చూడాలి? ఇలాంటప్పుడు హడావుడిగా ఏదో ఒక హాస్టలు వెతికి చేర్పిస్తారు. కొత్త చోటు, కొత్త మనుషులు, అమ్మ కనిపించదు. ఆ మనిషి తిండి మానేసి చిక్కిపోతాడు.

ఏర్పాటు అంటే మరణం తర్వాతి సంగతి ఒక్కటే కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది. మనం ఒక నెల మంచాన పడితే ఏమిటన్నది కూడా ఆలోచించాలి.

మొదటి పని: ఒక నోటుపుస్తకం

ఖర్చులేని పని ఇది. ఈ రోజే మొదలుపెట్టవచ్చు. వంద పేజీల నోటుపుస్తకం ఒకటి కొని, పైన మీ బిడ్డ పేరు రాయండి. మీకు రాయడం రాకపోతే మనవడి చేతనో, పక్కింటి చదువుకునే అమ్మాయి చేతనో, మీ ఊరి ఆశా కార్యకర్త చేతనో రాయించండి. అందులో ఉండవలసినవి:

1. పుట్టిన తేదీ, రక్తం గ్రూపు, ఫొటో, ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ లేదా ఎన్.టి.ఆర్. వైద్య సేవ వివరాలు.
2. ఉన్న జబ్బులు, జరిగిన ఆపరేషన్లు, పడని మందులు.
3. వాడే మాత్రల పేర్లు, మోతాదు, వేళలు. మాత్ర ఎలా ఇస్తే మింగుతాడో కూడా రాయండి. అరటిపండులో పెడితేనా, పెరుగన్నంలోనా?
4. చూసే డాక్టర్ల పేర్లు, ఆసుపత్రులు, పాత చీటీల జెరాక్సులు.
5. నొప్పి, ఆకలి, భయం, మూత్రం వచ్చిన సంగతి ఎలా తెలియజేస్తాడు? ఏ సైగకు ఏ అర్థం?
6. ఏ పనులు తానే చేసుకోగలడు, ఏ పనికి ఎంత సాయం కావాలి? ఇది చాలా ముఖ్యం. చొక్కా తానే తొడుక్కోగల మనిషికి కొత్తవారు తొడగడం మొదలుపెడితే ఆరు నెలల్లో ఆ పని మరచిపోతాడు.
7. రోజు ఎలా గడుస్తుంది? లేచే వేళ, టీ, స్నానం, నిద్ర.
8. ఇష్టాలు, అయిష్టాలు. ఏ పాట పెడితే శాంతిస్తాడు, ఏ శబ్దానికి బెదురుతాడు, ఎవరంటే ఇష్టం, ఏ దుప్పటి లేకపోతే నిద్రపోడు.
9. బ్యాంకు ఖాతా, పెన్షన్, ఇన్సూరెన్స్, పొలం లేదా ఇంటి కాగితాలు ఎక్కడ ఉన్నాయి?
10. అవసరానికి పిలవవలసిన ముగ్గురి ఫోన్ నంబర్లు.

మొదటి నాలుగు అంశాలను ఒక కాగితం మీద విడిగా రాసి, తలుపు వెనక అంటించండి. 108 వచ్చినప్పుడు అది చాలు. పుస్తకాన్ని ఆరు నెలలకు ఒకసారి సరిచూడండి. మాత్ర మారిన రోజునే పుస్తకంలో కూడా మార్చండి. ఒక ప్రతి మరొక ఇంట్లో ఉంచండి.

రెండో పని: అందరూ కూర్చుని మాట్లాడుకోవడం

చాలా ఇళ్లలో ఈ మాట ఎవరూ ఎత్తరు. తల్లిదండ్రులు "పెద్దోడు చూసుకోడా" అని మనసులో అనుకుంటారు. పెద్దోడు "చెల్లెలు దగ్గర ఉంటుందిలే" అనుకుంటాడు. చెల్లెలు తన అత్తగారింట్లో ఏమంటారోనని భయపడుతుంది. కోడలిని ఎవరూ అడగరు. తీరా చేయవలసింది ఆమే అవుతుంది. అడగకుండా మోపిన భారం తొందరలోనే కోపంగా మారుతుంది. ఆ కోపం చివరికి ఏమీ తెలియని మనిషి మీద పడుతుంది.

అందుకని పండుగకు అందరూ ఇంటికి వచ్చినప్పుడు ఒక పూట దీనికోసం కేటాయించండి. కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు అందరూ ఉండాలి. "ఎవరు ఉంచుకుంటారు?" అని ఒక్క ప్రశ్నే వేస్తే అందరూ తల దించుకుంటారు. పనిని పంచి అడగండి. తన ఇంట్లో ఎవరు ఉంచుకోగలరు? నెలనెలా డబ్బు ఎవరు పంపగలరు? ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు? కాగితాల పని ఎవరు చూస్తారు? ఏడాదికి రెండు వారాలు ఉంచుకొని మిగతావారికి విశ్రాంతి ఎవరు ఇస్తారు? "నావల్ల కాదు" అని ఎవరైనా అంటే తప్పు పట్టకండి. ఇప్పుడు నిజం చెప్పినవారు రేపు మోసం చేసినవారికంటే మేలు.

దూర దేశాల్లో పిల్లలున్నవారు మరొక సంగతి గమనించాలి. డబ్బు అమెరికా నుంచి కూడా పంపవచ్చు. కానీ అర్ధరాత్రి జ్వరం వస్తే రావడానికి ఊళ్లో మనిషి కావాలి. బాబాయి కొడుకో, మేనకోడలో, నమ్మకమైన స్నేహితుడో ఎవరైనా సరే, అడిగి ఒప్పించి పెట్టుకోండి.

ఆ మనిషిని కూడా అడగండి

మనం ఎక్కువగా మరచిపోయేది ఇదే. ఎవరి జీవితం గురించి మాట్లాడుకుంటున్నామో వారినే అడగం. మాటలు రానివారు కూడా ఇష్టాన్ని తెలియజేయగలరు. అక్క ఇంటికి వెళ్లినప్పుడు నవ్వుతూ తింటున్నాడా, గుమ్మం దగ్గరే చెప్పులు వేసుకొని కూర్చుంటున్నాడా చూడండి. ఫొటోలు చూపించి అడగండి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 కూడా వారి ఇష్టానికి విలువ ఇవ్వాలనే చెబుతోంది.

ఏ ఇంట్లో ఉండాలని అనుకుంటున్నారో ఆ ఇంటిని ఇప్పుడే అలవాటు చేయండి. మొదట ఒక పూట, తర్వాత ఒక రాత్రి, తర్వాత వారం రోజులు. తల్లి లేకుండా నిద్రపోవడం తల్లి ఉండగానే నేర్చుకుంటే తర్వాత కష్టం తగ్గుతుంది. నలభై ఏళ్లుగా ఒక్క రాత్రి కూడా విడిచి ఉండని తల్లులు దీనికి ఒప్పుకోరు. కానీ అమ్మా, ఆ మొదటి రాత్రి మీరు పక్క వీధిలో ఉండగా వస్తే మంచిదా, మీరు అసలు లేనప్పుడు వస్తే మంచిదా, ఆలోచించండి.

మూడో పని: కాగితాలు

వైకల్య ధ్రువీకరణ పత్రం: ఇది లేకపోతే మరేదీ రాదు. మీసేవలో గాని, గ్రామ లేదా వార్డు సచివాలయంలో గాని అడిగి సదరం శిబిరానికి స్లాట్ తీసుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షించి శాతం నిర్ణయిస్తారు. చాలా ప్రయోజనాలకు 40 శాతం లేదా అంతకు మించి ఉండాలి. దీంతోపాటు దేశమంతటా చెల్లే యు.డి.ఐ.డి. కార్డు కూడా తీసుకోండి. చిన్నప్పటి పాత సర్టిఫికెట్ ఉంటే అది ఇంకా చెల్లుతుందో లేదో కనుక్కోండి.

పెన్షన్: ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పెన్షన్‌ను 2024లో నెలకు 6,000 రూపాయలకు పెంచారు. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి అదే సంవత్సరం 15,000గా నిర్ణయించారు. తెలంగాణలో 2023లో ఆసరా పెన్షన్‌ను 4,016 రూపాయలు చేశారు. మొత్తాలు, నియమాలు మారుతుంటాయి కాబట్టి మీ ఊరి కార్యాలయంలో అడగండి.

నిరామయ: ఇది కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే ఆరోగ్య బీమా. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు ఇస్తుంది. బీమాకు ముందు వైద్య పరీక్షలు అడగరు. ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. బిల్లులన్నీ జాగ్రత్తగా దాచుకోండి.

కుటుంబ పెన్షన్: తల్లి గాని తండ్రి గాని ప్రభుత్వ ఉద్యోగి, రైల్వే ఉద్యోగి అయితే, సొంతంగా సంపాదించుకోలేని వికలాంగ సంతానానికి నియమాల మేరకు జీవితాంతం కుటుంబ పెన్షన్ వచ్చే వీలుంది. ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకు వర్తించే 1995 నాటి ఉద్యోగుల పెన్షన్ పథకంలో కూడా శాశ్వతంగా, పూర్తిగా వైకల్యం ఉన్న బిడ్డకు వయసుతో సంబంధం లేకుండా పెన్షన్ ఉంది. కానీ తల్లిదండ్రులు బతికి ఉండగానే బిడ్డ పేరును, సర్టిఫికెట్‌ను పెన్షన్ రికార్డులో చేర్పించాలి. తర్వాత అన్నదమ్ములు తిరగవలసి వస్తే ఏళ్లు పడుతుంది.

నాలుగో పని: గార్డియన్‌షిప్

బిడ్డకు 18 ఏళ్లు నిండగానే చట్టం దృష్టిలో తల్లిదండ్రుల సంరక్షక హక్కు ముగుస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. బ్యాంకులోనో, రిజిస్ట్రారు ఆఫీసులోనో "మీరు ఎవరు సంతకం పెట్టడానికి?" అని అడిగినప్పుడు తెలుస్తుంది.

నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 ప్రకారం పైన చెప్పిన నాలుగు వైకల్యాలు ఉన్నవారికి గార్డియన్‌ను నియమించే అధికారం జిల్లాలోని స్థానిక స్థాయి కమిటీకి ఉంది. దీనికి జిల్లా కలెక్టరు అధ్యక్షత వహిస్తారు. నమోదైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి ఒకరు, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు సభ్యులుగా ఉంటారు. కోర్టుకు వెళ్లనవసరం లేదు. తల్లిదండ్రులు, బంధువులు, నమోదైన సంస్థ దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ వ్యక్తికి గార్డియన్ అవసరమా, ఏ ఏ పనులకు అవసరం అన్నది కమిటీ విచారిస్తుంది. ఇచ్చిన సర్టిఫికెట్‌ను బ్యాంకు ఖాతా కోసం అంగీకరించవచ్చని రిజర్వు బ్యాంకు 2007లో బ్యాంకులకు తెలిపింది.

గార్డియన్ అంటే యజమాని కాదు. నియమించిన ఆరు నెలల్లోగా ఆ వ్యక్తి ఆస్తుల జాబితాను కమిటీకి ఇవ్వాలి. ఆ తర్వాత ఏటా లెక్కలు చూపాలి. నిర్లక్ష్యం చేసినా, కొట్టినా, ఆస్తి కాజేసినా బంధువులు గాని, నమోదైన సంస్థ గాని ఫిర్యాదు చేసి అతన్ని తొలగింపజేయవచ్చు. ఇలాంటి కాపలా ఉందన్న మాట తల్లిదండ్రులకు ధైర్యాన్నివ్వాలి.

అయితే అందరికీ గార్డియన్ అక్కర్లేదు. కొద్దిపాటి సాయంతో తన నిర్ణయాలు తాను చేసుకోగలిగేవారి చేతిలోంచి సంతకం హక్కు తీసేయడం న్యాయం కాదు. 2016 చట్టంలో పరిమిత గార్డియన్‌షిప్ అనే పద్ధతి ఉంది. అందులో ఒక నిర్దిష్టమైన నిర్ణయానికి, కొంత కాలానికి మాత్రమే, ఆ వ్యక్తితో సంప్రదించి ఇద్దరూ కలిసి నిర్ణయం చేస్తారు.

ఐదో పని: డబ్బు, ఆస్తి

మన ఇళ్లలో సాధారణంగా రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, "వీడికేం తెలుసు" అని వాటాయే పెట్టకపోవడం. రెండు, ప్రేమకొద్దీ ఇల్లంతా అతని పేరున రాసేయడం. మొదటి దానివల్ల అతను ఇతరుల దయమీద బతకాలి. రెండో దానివల్ల వేలిముద్ర వేయించుకోవడానికి వచ్చేవారు ఎక్కువవుతారు.

మంచి పద్ధతి వీలునామా రాయడం. ఇద్దరు సాక్షులు తప్పనిసరి. ఆస్తి పొందేవారిని సాక్షులుగా పెట్టకండి. రిజిస్ట్రేషన్ చట్టప్రకారం తప్పనిసరి కాకపోయినా చేయిస్తే తగాదాలు తగ్గుతాయి. ఆస్తి కాస్త ఎక్కువగా ఉన్నవారు ఆ బిడ్డ కోసం ప్రైవేటు ట్రస్టు పెట్టి, ఇద్దరు ముగ్గురు ట్రస్టీలను నియమించవచ్చు. ఆస్తి ట్రస్టు చేతిలో, ఖర్చు మాత్రం బిడ్డ కోసం. చూసుకునే మనిషి, డబ్బు లెక్క చూసే మనిషి వేరువేరుగా ఉంటే ఒకరి మీద ఒకరి కన్ను ఉంటుంది.

ఆస్తి లేని పేద కుటుంబాలు "మాకు వీలునామా ఎందుకు?" అనుకోనక్కర్లేదు. ఒక గది, పెన్షన్, రేషన్ కార్డు ఉన్నా చాలు, అవి ఎవరి చేతికి వెళ్లాలో రాసి ఉండాలి. లాయరు ఫీజు ఇచ్చుకోలేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 చట్టం ప్రకారం వైకల్యం ఉన్నవారికి న్యాయసహాయం ఉచితం. ఫోను నంబరు 15100.

హాస్టలు లేదా సంరక్షణ గృహం

బంధువులు ఎవరూ లేనప్పుడు, లేదా ఉన్నా వారివల్ల కానప్పుడు సంరక్షణ గృహంలో చేర్చడం పాపం కాదు. పెద్దవారికి జీవితాంతం ఆశ్రయమిచ్చే గృహాల కోసం నేషనల్ ట్రస్ట్‌కు ఘరౌందా అనే పథకం ఉంది. స్వచ్ఛంద సంస్థలు, చర్చి సంస్థలు నడిపే గృహాలు కూడా ఉన్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థలో పరీక్షలు, శిక్షణ, కుటుంబాలకు సలహాలు లభిస్తాయి. సీట్లు తక్కువ, ఎదురుచూపు ఎక్కువ. కాబట్టి అవసరం రాకముందే వెళ్లి చూడండి.

చూసేటప్పుడు ఆఫీసు గదిలోనే కూర్చుని వచ్చేయకండి. చెప్పకుండా, భోజనం వేళకు వెళ్లండి. మరుగుదొడ్డి చూడండి. పడుకునే గదుల్లో మూత్రం వాసన వస్తోందా? ఎవరినైనా కట్టేసి గాని, తాళం వేసి గాని ఉంచారా? రాత్రిపూట ఎంతమంది సిబ్బంది ఉంటారు? ఆడవారికి ఆడ సిబ్బంది ఉన్నారా? మాత్రల రిజిస్టరు రాస్తున్నారా? ఎప్పుడంటే అప్పుడు బంధువులను రానిస్తారా? పగలంతా ఏ పని చేయిస్తారు, ఊరికే కూర్చోబెడతారా? సంస్థ ప్రభుత్వం దగ్గర నమోదైందా? బంధువులను రానివ్వని చోట, ప్రశ్నిస్తే విసుక్కునే చోట చేర్చకండి. చేర్చాక కూడా వెళ్తూ ఉండండి. ఎవరో ఒకరు వచ్చి అడిగే మనిషిని అందరూ జాగ్రత్తగా చూస్తారు.

మరణం గురించి ఎలా చెప్పాలి?

తల్లి పోయినప్పుడు "అమ్మ ఊరికెళ్లింది" అని చెబుతారు. ఆ మనిషి రోజూ సాయంత్రం గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తాడు. ఎన్నాళ్లకూ రాకపోతే తనను వదిలేసిందని అనుకుంటాడు. అబద్ధం వల్ల దుఃఖం తగ్గదు, పొడవు పెరుగుతుంది. తేలిక మాటల్లో నిజం చెప్పండి. "అమ్మ చనిపోయింది. ఇక రాదు. నువ్వు అక్క దగ్గర ఉంటావు. అక్క నిన్ను చూసుకుంటుంది." ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు ఓపికగా అదే చెప్పండి. కడసారి చూడనివ్వండి, సమాధి దగ్గరికో శ్మశానానికో రానివ్వండి. అమ్మ ఫొటో, అమ్మ చీర దగ్గర ఉంచండి. ఏడుపు వెంటనే రాకపోవచ్చు. కొన్ని నెలల తర్వాత కోపంగా, నిద్రలేమిగా బయటపడవచ్చు. ఆ ఏడాదిలో ఇల్లు మార్చడం, కొత్త పద్ధతులు పెట్టడం వీలైనంత తగ్గించండి.

చూసుకునేవారి ఆరోగ్యం

నడుము నొప్పి, మోకాళ్ల నొప్పులు, బి.పి., షుగర్ ఉన్నా "వీడిని వదిలి ఎలా రాను?" అని తల్లులు తమ వైద్యం వాయిదా వేసుకుంటారు. మీ ఆరోగ్యం ఆ బిడ్డ ఆరోగ్యంలో సగం. బరువైన మనిషిని ఒక్కరే ఎత్తకండి. పక్క మీద తిప్పే, లేపే పద్ధతిని ఫిజియోథెరపిస్టును గాని, వార్డులో నర్సును గాని అడిగి నేర్చుకోండి. వారానికి ఒక పూట మీకోసం ఉంచుకోండి. మనసు బరువెక్కినప్పుడు టెలి మానస్ 14416కు ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అది ఉచితం.

గుర్తుంచుకోండి

• ఈ వారం: నోటుపుస్తకం మొదలుపెట్టండి. మాత్రల కాగితం తలుపు వెనక అంటించండి.
• ఈ నెల: సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు పుస్తకం ఒకచోట చేర్చండి. లేనివాటికి దరఖాస్తు చేయండి.
• మూడు నెలల్లో: కుటుంబమంతా కూర్చుని మాట్లాడండి. ఒక రాత్రి మరొక ఇంట్లో ఉంచి చూడండి. థైరాయిడ్, కన్ను, చెవి, పళ్ల పరీక్షలు చేయించండి.
• ఆరు నెలల్లో: అవసరమైతే గార్డియన్‌షిప్‌కు దరఖాస్తు, వీలునామా, పెన్షన్ రికార్డులో పేరు.
• ప్రతి సంవత్సరం: పుట్టినరోజున పుస్తకం మొత్తం మళ్లీ చదివి సరిచేయండి.

ఇవన్నీ ఒక్కరోజులో అయ్యే పనులు కావు. ఒక్కొక్కటిగా చేస్తూ పోండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ఈసారి ఓ.పి.కి వచ్చేటప్పుడు ఒక నోటుపుస్తకం, ఇంట్లో ఉన్న పాత చీటీలన్నీ ఒక సంచిలో వేసుకొని తీసుకురండి. మాత్రల పేర్లు, మోతాదులు మీతో కూర్చుని రాసిపెడతాం.